ఐదో ల్యాప్‌లో ఎవరూ లేరు

డిపోలో అందరూ ఆయన్ని గడియారం అనేవారు. సిటీ బస్సు డ్రైవరు. పొద్దున్నే మొదటి ట్రిప్పు ఎక్కే జనం ఆయన బస్సు మలుపు తిరగడం చూసి వాచీలు సరిచేసుకుంటారని కండక్టర్లు జోకులేసుకునేవారు. ఇన్నేళ్ల సర్వీసులో బస్సుకి ఒక్క గీత పడనివ్వలేదు. ఆ మాట ఎవరైనా అంటే పైకి నవ్వి ఊరుకునేవాడు గానీ, మళ్లీ ఒకసారి అంటే బాగుండునని లోపల ఉండేది.

అలాంటి మనిషి నలభై దాటాక మోటార్‌సైకిల్ రేసుల్లో పడ్డాడంటే మొదట ఎవరూ నమ్మలేదు. ఊరి బయట పాత రేసు ట్రాక్ ఒకటుంది. ఆదివారాల్లో మామూలు జనం కూడా అక్కడ తమ బండ్లు తిప్పుకోవచ్చు. బేకరీ నడిపే స్నేహితుడు సరదాగా చూసొద్దాం రమ్మని తీసుకెళ్లాడు. చూడ్డానికి వెళ్లినవాడు నెల తిరక్కుండా ఒక పాత బండి కొని, దానికి అద్దాలూ లైట్లూ ఊడబీకి, లెదర్ సూట్ తొడుక్కుని దిగాడు.

"రోజంతా బస్సు నడిపింది చాల్లేదా మీకు?" అంది భార్య.

"నెమ్మదిగా వెళ్లి వెళ్లి ఒళ్లు తుప్పు పట్టిందే" అన్నాడు.

తగవు మాత్రం బేకరీ ఆయనతోనే వచ్చింది. ఆయనా బండి తోలేవాడే; తన వంతు లేనప్పుడు ట్రాక్ పక్కన బండ్లు ఆపుకునే పిట్ గోడ మీద కూచుని, ఒక్కో చుట్టుకీ, అంటే ల్యాప్‌కీ, ఎంత పట్టిందో స్టాప్‌వాచ్‌తో లెక్కకట్టేవాడు. ఒక ఆదివారం హెల్మెట్ తీసీ తీయకముందే మొదలుపెట్టాడు.

"ఒరే, నువ్వు గడియారానివే గానీ ఆగి ఆగి నడిచే గడియారానివి. నాలుగు ల్యాపులు గాలిలా పోతావు, తర్వాతది ఎడ్లబండి. మధ్యలో నిద్రపోతున్నావా ఏంటి?"

"నీ వేలు సరిగ్గా నొక్కట్లేదు. పిండి పిసికి పిసికి మొద్దుబారిపోయింది."

"నా వేలు బాగానే ఉంది. నీ చెయ్యే బద్ధకిస్తోంది."

మామూలుగా అయితే ఇలాంటివి నవ్వి వదిలేసేవాడే. కానీ ఇది సమయపాలన మీద పడ్డ మాట. పోయిపోయి గడియారాన్ని అనడమా! ఆ సాయంత్రమే ల్యాప్ టైమర్ కొనాలని నిశ్చయించుకుని మరదలికి ఫోన్ చేశాడు. ఆమె భూములు కొలిచే సర్వేయరు. శాటిలైట్‌తో చోటు గుర్తించే పరికరాలు ఆమెకి రోజూ వాడే సామానే.

మరదలు వచ్చి, భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరిచింది.

"ఫోన్‌లో యాప్ వేసుకుంటే పోదా?" అని అడిగాడు.

"ఫోన్ సెకనుకి ఒక్కసారే నువ్వెక్కడున్నావో చూసుకుంటుంది బావా. ఆ సెకనులో నువ్వు మూడు బస్సుల పొడవు దాటేస్తావు. ఇక టైమేం చెబుతుంది, సోది చెబుతుంది. ఇదిగో, ఈ డబ్బా అయితే సెకనుకి పది సార్లు చూస్తుంది."

"మరి ట్రాక్ పక్కన పెట్టె పెట్టుకునే రకం ఉందటగా?"

"ఉంది. ఎవడి కాలో తగిలి ఆ పెట్టె పక్కకి తిరిగితే నీ ఆదివారం గోవిందా. పైగా అది ల్యాప్ ఎంతసేపు పట్టిందో చెబుతుందే గానీ, ఎక్కడ పోగొట్టుకున్నావో చెప్పదు. నీకు కావాల్సింది ఎక్కడ అనేది కదా? ఎండలో కనిపించే స్క్రీను, గ్లవ్స్‌తో నొక్కగలిగే బటన్లు, తడిసినా చావని ఒళ్లు. ఈ మూడూ చూసుకో. మిగతావన్నీ షోకులు."

భార్య పళ్లేలు తీస్తూ అంది. "ఆ డబ్బా మీద పెట్టే ధ్యాసలో పావు వంతు నా మాట మీద పెడితే ఈ ఇల్లు బాగుపడును. రేపు కుళాయి వాళ్లు వస్తారు, ఎన్నింటికి రమ్మనను?"

ఆయన జవాబివ్వలేదు. చొక్కా గుండీ తడుముకుంటూ గోడ వైపు చూస్తున్నాడు.

"చూశావా?" అంది ఆమె చెల్లెలితో. "ఇదీ వరస. నేను గోడతో మాట్లాడుతున్నట్టే." విసురుగా వంటింట్లోకి వెళ్లిపోయింది. మరదలు నవ్వి ఊరుకుంది. కాసేపటికి ఆయన స్క్రీను వైపు తిరిగి, "అయితే ఇదే తీసుకుందాం" అన్నాడు.

టైమర్ వచ్చిన ఆదివారం మరదలు కూడా ట్రాక్‌కి వచ్చింది. బండి ముందున్న గాలి అద్దం వెనక, ఆకాశం కనబడేలా డబ్బాని బిగించింది. బండిని ఒకసారి నెమ్మదిగా ముగింపు గీత దాటించి, ఆ చోటుని దానికి గుర్తు చేయించింది.

"మలుపుల్లో దీని వంక చూడకు. మలుపులేని స్ట్రెయిట్‌లో ఒక్క చూపు, అంతే. నీ మంచి ల్యాప్ కన్నా ముందుంటే పచ్చ దీపం, వెనకుంటే ఎర్ర దీపం" అంది.

బండి దిగి వచ్చేసరికి ఆయన మొహం వెలిగిపోతోంది. అన్ని ల్యాపులూ ఒక్క అచ్చులో పోసినట్టు వచ్చాయని ఒంటికి తెలుస్తుంది కదా. టైమర్ బటన్ నొక్కాడు. నాలుగు ల్యాపులు నిజంగానే అచ్చులో పోసినట్టున్నాయి. ఐదోది వాటికన్నా ఎనిమిది సెకన్లు ఎక్కువ.

బేకరీ ఆయన చప్పట్లు కొట్టాడు. "చెప్పానా? నా వేలికి దండం పెట్టు!"

"డబ్బా తప్పు" అన్నాడు ఈయన.

మరదలు పిట్‌లో బల్ల మీద లాప్‌టాప్ పెట్టి, టైమర్‌లోంచి వేగం గీతలు బయటికి తీసింది. ట్రాక్ అవతలి పక్కనున్న వెనక స్ట్రెయిట్‌లో నాలుగు గీతలు కొండెక్కినట్టు పైకి పోతున్నాయి. ఐదోది సగం కొండ ఎక్కి, అక్కడినుంచి బల్లలా చదునుగా సాగింది.

"ఇక్కడేం చేశావు బావా?"

"ఏం చేస్తాను? యాక్సిలరేటర్ ఫుల్లుగా తిప్పాను."

"తిప్పలేదే."

"తిప్పానంటే! ఆ చెయ్యి నాది కదా, నాకు తెలీదా? నీ శాటిలైట్‌కి ఏ చెట్టో అడ్డమొచ్చి ఉంటుంది."

ఆమెకీ ముందు అదే అనుమానం వచ్చింది. అడ్డమొచ్చి ఉంటే అందిన శాటిలైట్ల సంఖ్య తగ్గాలి, గీత ఎక్కడో తెగి ఇంకెక్కడో తేలాలి. రెండూ లేవు. ఆకాశం అంతసేపూ తెరిచే ఉంది. ఆ మాట పైకి అనలేదు. "వచ్చే వారం ఇంకోలా కొలుద్దాం" అంది.

తర్వాతి వారం టైమర్‌ని బండి తోక మీదికి మార్చింది. ట్రాక్ ఆఫీసులో అద్దెకిచ్చే చిన్న బిళ్ల ఒకటి తెచ్చి సీటు కింద కట్టింది. ముగింపు గీత దగ్గర రోడ్డులో పాతిన తీగ మీదుగా బండి వెళ్లినప్పుడల్లా ఆ బిళ్లని అక్కడి యంత్రం గుర్తుపడుతుంది. దానికి ఆకాశంతో పనిలేదు. రెండూ వేర్వేరుగా కొలుస్తాయి. ఏది అబద్ధమాడినా తెలిసిపోతుంది.

మొదటి విడత అంతా బాగుంది. ఒక్క చెడ్డ ల్యాప్ లేదు. "చూశారా, డబ్బా పెట్టిన చోటే తప్పు" అని ఆయన అందరికీ టీలు తెప్పించాడు. రెండో విడతలో బేకరీ ఆయన కూడా బండి వేసుకుని దిగాడు. అది అయ్యాక ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఒక ల్యాప్ పది సెకన్లు ఎక్కువ. టైమర్ చూశారు. అదే ల్యాప్, అదే పది సెకన్లు. ఈసారి కూడా వెనక స్ట్రెయిటే.

రెండు యంత్రాలు కూడబలుక్కుని అబద్ధం చెప్పవు. అలాగని ఆయన కూడా అబద్ధం చెప్పట్లేదు. ఆ స్ట్రెయిట్ ఆయనకి గుర్తుంది, కుడిచెయ్యి కింది దాకా తిప్పడం గుర్తుంది.

"ఆగండాగండి" అన్నాడు బేకరీ ఆయన హుషారుగా. "నేను వీణ్ణి దాటింది ఈ ల్యాప్‌లోనే. నా హెల్మెట్ కెమెరాలో ఉంటుంది. చూసి తరించండి."

ముగ్గురూ లాప్‌టాప్ మీదికి వంగారు. తెర మీద వెనక స్ట్రెయిట్ వచ్చింది. ముందు ఈయన బండి, గాలి అద్దం వెనక నక్కిన తల. ఉన్నట్టుండి ఆ తల పైకి లేచింది, ఎవరో పిలిస్తే లేచినట్టు. ఎడమ చెయ్యి హ్యాండిల్ వదిలేసింది. అది నెమ్మదిగా మెడ దగ్గరికి వెళ్లి సూట్ జిప్పుని తడమసాగింది. తడుముతుంది, వదులుతుంది, మళ్లీ తడుముతుంది. కుడిచెయ్యి ఉన్నచోటే బిగుసుకుపోయి ఉంది. బండి ఆ వేగంతోనే, గీత గీసినట్టు తిన్నగా పోతోంది. బేకరీ ఆయన బండి పక్కకొచ్చింది. తెరలో బేకరీ ఆయన చెయ్యి లేచి, టాటా చెప్పింది. హెల్మెట్ అటు తిరగలేదు. హెల్మెట్ అద్దంలోంచి కళ్లు కనిపించాయి. తెరిచే ఉన్నాయి. దేన్నీ చూడట్లేదు.

నవ్వడానికి తెరిచిన బేకరీ ఆయన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

"అది నేను కాదు" అన్నాడు గడియారం. బండి మీద నంబరు ఆయనదే. సూట్ ఆయనదే.

"నేను నిన్ను దాటడం గుర్తుందా?" అన్నాడు స్నేహితుడు. గొంతులో వేళాకోళం పోయింది.

"నువ్వు నన్ను దాటలేదు. మలుపు ముందు..." అని ఆగాడు. "మలుపు ముందు నువ్వు నా ముందున్నావు. ఎప్పుడొచ్చావో..."

అక్కడే పేర్చి ఉన్న టైర్ల మీద కూలబడ్డాడు. తన జీవితంలోంచి పది సెకన్లు ఎవరో కోసేసి, అంచులు కనపడకుండా అతికించేశారు. ఇన్ని కళ్లు చూసింది తను చూడలేదు. తను మాత్రం అక్కడ లేడు.

బండి అక్కడే వదిలి, మరదలు ఆయన్ని కారులో ఇంటికి తీసుకొచ్చింది. భార్య వీడియో చూడనని మొండికేసింది, ఆ బండి మొహం చూడనని ఎప్పుడో ఒట్టేసుకుంది. చెల్లెలు బలవంతంగా ముందు పెట్టింది.

చెయ్యి జిప్పు దగ్గరికి వెళ్లేసరికి ఆమె కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

"ఈ చెయ్యి నాకు తెలుసు" అంది మెల్లగా. "భోజనం దగ్గర ఇంతే. నేనేదో అడుగుతుంటాను, ఈయన గుండీ తడుముతూ ఎటో చూస్తారు. నా మాటంటే లెక్కలేదనుకున్నాను. ఒకసారా రెండుసార్లా! కావాలనే నన్ను ఏడిపిస్తున్నారనుకున్నాను." కళ్లు తుడుచుకుంది. "మొన్న చెంబు విసిరాను మీ మీద."

"ఎందుకు విసిరావో నాకు తెలీనే లేదు" అన్నాడాయన. "కూచుని అన్నం తింటుంటే చెంబొచ్చి తగిలింది. నీకే ఏమైనా అయిందేమో, డాక్టరుకి చూపించాలా అనుకున్నాను."

మరదలికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

నరాల డాక్టర్ బుధవారం రమ్మన్నారు. సోమవారం పొద్దున్నే ఆయన యూనిఫాం వేసుకుంటుంటే భార్య గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"వెళ్లొద్దు."

"బుధవారం ఎలాగూ తేలుతుందిగా. రెండ్రోజులు. ఇన్నాళ్లూ ఏమీ కాలేదు కదే. బండి మీద అంటే ఆ వేగానికి, ఆ గాలికి ఏదో అయి ఉంటుంది. బస్సు వేరు."

ఆమె పక్కకి తప్పుకుంది గానీ ఆయన మొహం చూడలేదు.

డిపోలో బస్సెక్కి సీటులో కూచున్నాడు. అద్దాలు సరిచేసుకున్నాడు. తాళంచెవి పెట్టాడు. ఆయనతో ఎప్పట్నుంచో డ్యూటీ చేస్తున్న కండక్టరమ్మ టికెట్ మిషన్ సర్దుకుంటూ ఎక్కింది.

"ఏంటన్నా, మొహం అలా ఉంది? వదినతో గొడవ పడ్డారా?"

ఆయన ముందు అద్దంలోంచి రోడ్డుని చూస్తూ అడిగాడు. "అమ్మాయ్, నేనెప్పుడైనా స్టాప్ దాటేశానా?"

ఆమె కాస్త ఇబ్బందిపడింది. "ఇప్పుడెందుకులే అన్నా."

"చెప్పు."

"బ్యాంకు స్టాప్ రెండుసార్లు. బెల్లు కొడుతూనే ఉన్నాను, మీరు ఆపలేదు. దిగాల్సినవాళ్లు అరవబోతే నేనే సర్దిచెప్పాను, అన్న ఊరికే అలా చెయ్యడు, టైం పోతుందని ఆపలేదేమోనని." కొంచెం ఆగింది. "వంతెన దగ్గర సిగ్నల్ ఒకటి. ఎర్రదీపం పడింది, మీరు వెళ్లిపోయారు. అటునుంచి లారీ వస్తోంది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి అవతలున్నాం. మీకు లెక్క తెలిసే వెళ్లారనుకున్నాను. ఇంకో డ్రైవరైతే అక్కడే దిగిపోయేదాన్ని. మీరు కదా అని..."

ఏ లారీ? ఏ వంతెన దగ్గర? ఆ వంతెన రోజుకి ఎన్నోసార్లు దాటుతాడు, ప్రతిసారీ పచ్చదీపం మీదే దాటాడు. తనకి తెలిసినంతవరకు. తనకి తెలిసింది ఎంత? ఇన్నాళ్లూ గీత పడకపోవడం తన గొప్పే అనుకున్నాడు. ఎవడో లారీవాడు బ్రేకు తొక్కబట్టి పడలేదు. చూసినవాళ్లు నోరు మూసుకోబట్టి ఎవరికీ తెలియలేదు. ఆ మంచి పేరే వాళ్ల నోళ్లు మూయించింది.

తాళంచెవి తీసేశాడు. అది జారి కింద పడింది. కండక్టరమ్మ తీసి అందించబోతే తీసుకోలేదు.

డిపో మేనేజరు రిజిస్టర్ ముందు కూచుని ఆవలిస్తున్నాడు. విషయం సగం విని చెయ్యి ఊపాడు.

"సెలవు కావాలంటే మధ్యాహ్నం నుంచి తీసుకోవయ్యా. పొద్దున్నే మనిషి ఎక్కడ దొరుకుతాడు? ఈ ఒక్క ట్రిప్పూ వేసిరా. నీకేమవుతుంది, నువ్వు గడియారానివి."

"ఆ పేరుతో పిలవకండి సార్" అన్నాడు. మేనేజరు ఉలిక్కిపడి తలెత్తాడు. ఇన్నేళ్లలో ఆ గొంతు అంత పైకి లేవడం ఎవరూ వినలేదు. ఆయన ఫోన్ తీసి వీడియో బల్ల మీద పెట్టాడు. మేనేజరు ఒకసారి చూశాడు. రెండోసారి వేసుకుని చూశాడు. తర్వాత బెల్లు కొట్టి, మొదటి ట్రిప్పు రద్దని చెప్పించాడు. బయట క్యూలో జనం గోల మొదలైంది. వాళ్లెవరికీ కారణం తెలీదు. గోడకి చేరగిలబడి ఆయన ఆ తిట్లన్నీ విన్నాడు. అవి వింటుంటే ఊపిరి కాస్త తేలిగ్గా ఆడింది.

బుధవారం డాక్టరమ్మ ఆయన తలకి తీగలు అంటించి, ఇంకేవో పరీక్షలు చేయించి, భార్యాభర్తలిద్దర్నీ కూర్చోబెట్టింది. వీడియో తెచ్చినందుకు మెచ్చుకుంది. మాటలతో చెబితే ఇది పట్టుకోవడం కష్టం, ఎందుకంటే జబ్బు వచ్చినవాడికి తెలీదు, చూసినవాళ్లు పరధ్యానం అనుకుంటారు అంది.

"మూర్ఛ అంటే పడిపోయి కొట్టుకోవడమే అనుకుంటాం. ఇది కూడా మూర్ఛే. మెదడులో ఒక మూల కాసేపు గందరగోళం. మందులకి లొంగుతుంది. భయపడొద్దు."

"డ్రైవింగ్?" అన్నాడు.

"ఏదీ నడపకూడదు. చాలాకాలం ఒక్కటి కూడా రాకపోతే సొంత కారు సంగతి అప్పుడు చూద్దాం. బస్సు మాత్రం మర్చిపోండి."

"మరి రేసు బండి..." అని గొణిగాడు.

"దాని సంగతి నేను చెబుతాను డాక్టర్ గారూ, మీరు తర్వాతి వాళ్లని పిలవండి" అంది భార్య.

బండి బేకరీ ఆయనకి వెళ్లింది, టైమర్‌తో సహా. దానివల్ల తన ల్యాపులన్నీ ఒకే రకంగా చెడ్డవని తేలిందని ఫోన్ చేసి చెప్పి నవ్వించబోయాడు. ఈయన మొహమాటానికి నవ్వాడు. మందులు మొదట్లో నిద్రమత్తు తెచ్చాయి, తర్వాత ఒళ్లు అలవాటు పడింది. ఇంట్లో ఇంకో చిక్కొచ్చింది. ఆయన ఒక నిమిషం మౌనంగా ఉంటే చాలు, భార్య పరుగెత్తుకొచ్చి భుజం పట్టి కుదిపేది. "ఉన్నానే! ఊరికే కూచున్నాను, అంతే!" అని ఆయన విసుక్కుంటే తప్ప వదిలేది కాదు.

డిపోలో స్పేర్‌పార్టుల స్టోరులో పని ఇచ్చారు. ఉద్యోగం పోలేదు. మొదటిరోజు ఆయన బస్సెక్కి పనికి వెళ్లాడు, వెనక తలుపులోంచి, టికెట్ తీసుకుని. ఇంత సర్వీసులో బస్సు వెనక సీటులో ఎప్పుడూ కూర్చోలేదు. జనాన్ని ఎప్పుడూ నెత్తి మీద అద్దంలోనే చూశాడు, అరచేతి వెడల్పు ముక్కలో కొన్ని తలలుగా.

ఇప్పుడు వాళ్లంతా ఎదురుగా ఉన్నారు. ఒకావిడ నోరు తెరుచుకుని కిటికీకి తల ఆనించి నిద్రపోతోంది, ఒళ్లో పసిపిల్ల. ఒకతను ఏ కడ్డీ పట్టుకోకుండా నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు. ఇద్దరు ఆడపిల్లలు ఒకరి చెవిలో ఒకరు ఏదో చెప్పుకుని పడీపడీ నవ్వుతున్నారు. నర్సు ఒకామె చెప్పులు విప్పేసి కాళ్లు నొక్కుకుంటోంది. బస్సు నిండా మనుషులు. ఒక్కరంటే ఒక్కరు కూడా రోడ్డు వైపు చూడట్లేదు.

చూడాల్సిన పని ఉందని వాళ్లకి తోచనే లేదు.

డాక్టరు చెప్పినప్పుడు రాని భయం, కండక్టరమ్మ చెప్పినప్పుడు రాని భయం ఆయనకి అప్పుడొచ్చింది. రెండు చేతుల్తో ముందు సీటు పట్టుకుని తల దించేశాడు.

పక్కన కూచున్న పెద్దావిడ వంగి చూసింది. "ఏం నాయనా, ఒంట్లో బాలేదా? బస్సు పడదా నీకు?"

"పడుతుందమ్మా" అన్నాడు. "బాగానే ఉన్నాను."

"మంచినీళ్లు తాగుతావా?"

సీసా అందుకుని రెండు గుక్కలు తాగి ఇచ్చేశాడు. బస్సు నెమ్మదించింది, పక్కకి జరిగి స్టాప్‌లో ఆగింది. పెద్దావిడ సంచీ తీసుకుని లేచింది. తలుపు దగ్గర ఒక్క క్షణం నిలబడి చీర కుచ్చిళ్లు సర్దుకుంది, ముందు ఎవరు నడుపుతున్నారో ఒక్కసారి కూడా చూడకుండా దిగి జనంలో కలిసిపోయింది.